ఒషినో హక్కాయ్: ఫుజి పాదాల దగ్గర ఎనిమిది ఊట కొలనులు, సరిగ్గా చూసి రావడం ఎలా

ఒషినో హక్కాయ్ వెళ్ళొచ్చినవాళ్ళ ఫోన్లలో ఎక్కువగా కనిపించే ఫొటో నిజానికి హక్కాయ్‌లోది కాదు. గుండ్రటి కొలను, అడుగు దాకా కనిపించే నీలం నీళ్ళు, చుట్టూ మూగిన జనం, పక్కనే తినుబండారాల కొట్లు. దాని పేరు నకయికె. అది మనుషులు తవ్వించిన కొలను. లోతు 8 మీటర్లు, చూడ్డానికి బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ఎనిమిది కొలనుల లెక్కలో అది లేదు. టూరు బస్సులో వచ్చినవాళ్ళు అక్కడ ఫొటో తీసుకుని, పక్క కొట్లో ఏదో ఒకటి కొనుక్కుని, నలభై నిమిషాల్లో బస్సెక్కేస్తారు. అసలైన ఎనిమిదీ చూడాలంటే గంటన్నర చాలు. కాకపోతే ఏది ఎక్కడుందో, ఏ వేళకు ఏది చూడాలో ముందే తెలిసి ఉండాలి.

జపాన్‌లోని యమనాషి రాష్ట్రంలో, ఫుజి పర్వతానికి ఈశాన్యాన, సముద్రమట్టానికి దాదాపు 940 మీటర్ల ఎత్తులో ఉంది ఒషినో గ్రామం. టోక్యో నుంచి దూరం సుమారు వంద కిలోమీటర్లు. గ్రామం అన్నారు కదా అని నాలుగు గుడిసెలు ఊహించుకోకండి. గడ్డి కప్పుల ఇళ్ళు కొన్ని ఉన్నాయి, నీటి చక్రాలూ ఉన్నాయి, ఊరు మాత్రం మామూలు ఊరే. బడులు, పొలాలు, ఫ్యాక్టరీలు అన్నీ ఉంటాయి. కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాలతో పనిచేసేవాళ్ళకు ఫానుక్ పేరు కొత్త కాదు. ఆ కంపెనీ కేంద్ర కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. దారిలో పసుపుపచ్చ రంగు భవనాలు వరసగా కనిపిస్తే అవి వాళ్ళవే.

నీళ్ళు అంత తేటగా ఎందుకుంటాయి

ఫుజి మీద పడిన వాన, కరిగిన మంచు వాగులై పారడం చాలా తక్కువ. పైనున్న లావా రాయి నిండా సందులే కాబట్టి నీరు నేరుగా లోపలికి దిగిపోతుంది. కింద పాత కాలపు గట్టి పొర తగిలాక దాని మీదుగా మెల్లగా జారుతూ కొండ పాదం దగ్గర బయటపడుతుంది. ఈ ప్రయాణానికి 20 ఏళ్ళని కొందరు, 80 ఏళ్ళని కొందరు చెబుతారు. అన్నేళ్ళు రాళ్ళలో వడకట్టుకుని వచ్చిన నీరు కాబట్టే మట్టి, నాచు రేణువులు దాదాపు ఉండవు. ఏడాది పొడుగునా ఊట చల్లదనం 13 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. వేసవిలో చేతికి జిల్లుమంటుంది. గడ్డకట్టే చలిలో ఊట బలంగా ఉన్న కొలనుల మీద ఆవిరి తేలుతుంది.

అన్నీ ఒకేలా ఉంటాయనుకుంటే మాత్రం నిరాశ తప్పదు. ఊట బలంగా ఉన్నవి అద్దంలా ఉంటాయి, ఊట తగ్గినవి మామూలు గుంటల్లా కనిపిస్తాయి. ఎనిమిదింటిలో లోతూ రంగూ చూసి ఆగిపోయేవి వాకు, ఒకామ. ఊట పుట్టడం కంటితో చూడాలంటే చోషి. మిగతావాటికి కథ ఉంది, చోటు ఉంది, ప్రశాంతత ఉంది.

మనకు తెలిసిన పేర్లే

ఫుజిని దేవుడిగా కొలిచే భక్తబృందాలు కొండ ఎక్కే ముందు ఈ కొలనుల్లో ఒళ్ళు శుద్ధి చేసుకునేవి. ఒక్కో కొలనుకు ఒక్కో నాగరాజు అధిదేవత. బౌద్ధం వెంట జపాన్ చేరిన అష్ట మహానాగరాజులే వీళ్ళు. వరసగా దెగుచికి నందుడు, ఒకామకు ఉపనందుడు, సోకోనుకెకు సాగరుడు, చోషికి వాసుకి, వాకుకు తక్షకుడు, నిగోరికి అనవతప్తుడు, కగామికి మనస్వి, షోబుకు ఉత్పలకుడు. జపనీయుల నోట ఈ పేర్లు బాగా మారిపోయాయి. వాసుకి వషుకిత్సు అయ్యాడు, తక్షకుడు తొకుషాక అయ్యాడు. గట్టున రాళ్ళ మీదా బోర్డుల మీదా ఈ రాజుల పేర్లుంటాయి. ఈ వరస గుర్తుంటే ఎన్ని చూశారో, ఏవి మిగిలాయో లెక్క తప్పదు. పాలసముద్రం చిలికిన తాడు పేరు ఫుజి కింద కొలను గట్టున కనబడటం తెలుగువాళ్ళకు ఓ చిన్న సరదా కూడా.

ఈ కొలనులకు 1934లో జాతీయ సహజ స్మారకంగా రక్షణ వచ్చింది. 1985లో జపాన్ మేటి వంద జలాల జాబితాలో చేరాయి. 2013లో ఫుజి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద అయినప్పుడు ఇవీ అందులో భాగమయ్యాయి. కాబట్టి ఇక్కడి నియమాలు మొహమాటానికి రాసిన బోర్డులు కావు, చట్టం ఉన్నవి.

వెళ్ళడం

టోక్యో నుంచి మూడు దారులున్నాయి.

అన్నింటిలో తేలిక, చవక: షింజుకు ఎక్స్‌ప్రెస్ బస్ టెర్మినల్ నుంచి ఫుజి వైపు వెళ్ళే హైవే బస్సు. ఫుజి పక్కనున్న సరస్సు ఊరు కవగుచికో దాకా సుమారు 2,200 యెన్లు, రోడ్డు ఖాళీగా ఉంటే గంటా ముప్పావు. వీటిలో కొన్ని కవగుచికో దాటి ఒషినో హక్కాయ్ మీదుగా యమనకాకో సరస్సు వైపు వెళ్తాయి. అలాంటి సర్వీసు దొరికితే మారే పనే లేదు, రెండుంబావు గంటల్లో కొలనుల దగ్గర దిగుతారు. టికెట్ బుక్ చేసేటప్పుడు దిగే స్టాపు కవగుచికో అని కాకుండా ఒషినో హక్కాయ్ అని ఎంచుకోండి. సీట్లు ముందే అయిపోతాయి. శని, ఆదివారాలైతే ఒకటి రెండు వారాల ముందే చూసుకోవాలి.

రెండోది రైలు. షింజుకు నుంచి ఫుజి ఎక్స్‌కర్షన్ అనే ఎక్స్‌ప్రెస్ నేరుగా కవగుచికో వెళ్తుంది, రెండు గంటల లోపే. మొత్తం రిజర్వుడు సీట్లే. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఈ రైలును వేరే రైలుకు కలిపి నడుపుతారు, దారిలో ఒత్సుకి స్టేషన్లో విడదీస్తారు. మీ సీటున్న పెట్టెలోనే ఎక్కండి. ఎక్కడో ఎక్కి లోపల నడుచుకుంటూ పోదామనుకుంటే వేరే ఊరు పోతారు. రెండోది, ఏడు రోజులు, పద్నాలుగు రోజుల జపాన్ రైల్ పాస్ ఒత్సుకి దాకానే చెల్లుతుంది. అక్కడి నుంచి ఫుజిక్యూ అనే ప్రైవేటు లైను, దానికి విడిగా కట్టాలి. జేఆర్ (జపాన్ రైల్వే) టోక్యో వైడ్ పాస్‌లో మాత్రం ఈ లైను కూడా కలిసే ఉంటుంది.

రైల్లో వస్తే దిగాల్సింది ఫుజిసాన్ స్టేషన్‌లోనా, కవగుచికోలోనా? ఒషినోకు ఫుజిసాన్ దగ్గర. అక్కడి నుంచి బస్సులో పావుగంట, ఇరవై నిమిషాలు. కవగుచికో నుంచి అరగంట. కానీ సెలవురోజుల్లో కవగుచికోలోనే బస్సెక్కండి. బస్సు అక్కడే బయల్దేరుతుంది కాబట్టి కూర్చునే చోటు దొరుకుతుంది. ఫుజిసాన్ చేరేసరికి నిండిపోయి ఉంటుంది, నిలబడటానికీ కష్టమే. ఇక ఫుజిసాన్ స్టేషన్ దాటాక రైలు వచ్చిన దిక్కుకే వెనక్కి పోతున్నట్టు కదులుతుంది. పట్టాల అమరికే అంత, తప్పు రైలెక్కామని కంగారు పడక్కర్లేదు.

ఈ స్టేషన్ల నుంచి ఒషినో మీదుగా యమనకాకో దాకా తిరిగే లోకల్ బస్సు పేరు ఫుజిక్కోగో. ఎక్కేటప్పుడు గుమ్మం దగ్గర యంత్రం నుంచి అంకె వేసిన చిన్న చీటీ తీసుకోవాలి. దిగేటప్పుడు ముందున్న బోర్డులో ఆ అంకె కింద చూపే ఛార్జీని డ్రైవరు పక్కనున్న డబ్బాలో వేయాలి. డబ్బా చిల్లర తిరిగివ్వదు. పక్కనే చిల్లర మార్చే యంత్రం ఉంటుంది, అది వెయ్యి యెన్ల నోటే తీసుకుంటుంది. పదివేల నోటుతో ఎక్కితే డ్రైవరుకూ మీకూ వెనక నిలబడ్డవాళ్ళకూ ఇబ్బందే. సుయికా, పాస్మో లాంటి, ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డులుంటే ఈ గొడవే ఉండదు.

మూడోది సొంతంగా కారు. కొలనుల చుట్టూ ప్రైవేటు పార్కింగులు బోలెడు. రోజుకు 300 నుంచి 500 యెన్ల దాకా ఉంటుంది. రోడ్డు పక్కన జెండా ఊపుతూ పిలిచేవాళ్ళు మోసగాళ్ళేం కాదు. బోర్డు మీద ధర చూసి ఆపుకోండి, అంతే. జపాన్‌లో కారు నడపాలంటే 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చేది పనికొస్తుంది, ఇక్కడి లైసెన్సు ఒక్కటే చాలదు.

క్యోటో, ఒసాకా వైపు నుంచి వచ్చేవాళ్ళు టోక్యో దాకా వెళ్ళి వెనక్కి రావడం దండగ. బుల్లెట్ రైలు షిన్‌కాన్‌సెన్‌లో మిషిమా దగ్గర దిగితే ఫుజిసాన్, కవగుచికో స్టేషన్లకు బస్సుంది. అయితే అన్ని షిన్‌కాన్‌సెన్‌లూ మిషిమాలో ఆగవు. నొజొమి అసలు ఆగదు. కొదామ ఆగుతుంది, హికారిలో కొన్నే ఆగుతాయి.

పెద్ద సూట్‌కేసులు ఒషినో దాకా తేకండి. లోకల్ బస్సులో పెట్టే చోటుండదు. స్టేషన్లలో లాకర్లున్నాయి, కానీ రద్దీ రోజుల్లో ఉదయమే నిండిపోతాయి. రాత్రి అక్కడే ఉండేవాళ్ళు ముందు హోటల్లో సామాను పడేసి రావడం మేలు.

ఏ కాలం, ఏ వేళ

ఫుజి కనబడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున్నే. జూన్ నుంచి ఆగస్టు దాకా కొండ చాలావరకు మబ్బుల్లోనే ఉంటుంది. పైగా జులై, ఆగస్టుల్లో కనబడినా నెత్తిన మంచు ఉండదు, గోధుమరంగు మట్టిదిబ్బలా ఉంటుంది. ఏప్రిల్ రెండో సగంలో చెర్రీ పూలు వస్తాయి. చలి ఊరు కాబట్టి టోక్యోలో పూలు రాలిపోయాక ఇక్కడ విరబూస్తాయి. ఊళ్ళో పారే షిన్నషో అనే చిన్న నది గట్టున పూలకొమ్మల మధ్య నుంచి ఫుజి కనబడే చోటుకు ఆ పదిరోజులూ ఫొటోగ్రాఫర్లు తెల్లవారక ముందే వస్తారు. ఆకులు ఎర్రబడేది నవంబరు మొదట్లో. ఏప్రిల్ చివర మొదలయ్యే గోల్డెన్ వీక్, ఆగస్టు నడిమిలో వచ్చే ఓబోన్ సెలవుల్లో మాత్రం వెళ్ళకండి. అప్పుడు చూసేది కొలనుల్ని కాదు, జనాన్ని.

చలికాలంలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. యమనాషిలో బాగా చలి ఉండే ఊళ్ళలో ఇదొకటి. తెల్లవారుజామున మైనస్ 10 డిగ్రీలు పడటం వింత కాదు. హైదరాబాద్ స్వెటరు ఇక్కడ దేనికీ చాలదు. లోపల ఒంటికి అంటుకునే థర్మల్, పైన గాలి చొరని జాకెట్టు, చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ ఉండాలి. అంతకన్నా ముఖ్యం బూట్ల అడుగు. కొలనుల పక్క రాళ్ళ మీద నీళ్ళు చిమ్మి గడ్డకట్టి ఉంటాయి. నున్నటి అడుగున్న బూట్లతో జారితే పడేది రాతి మీదో, 13 డిగ్రీల నీళ్ళలోనో.

ఇక వేళ. ఫుజికి, కొలనుకు ఒకే వేళ కుదరదు. ఊరి నుంచి ఫుజి నైరుతి వైపు ఉంటుంది. పొద్దున ఎండ దాని ముఖం మీద పడి మంచు మెరుస్తుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కొండ వైపుకు వెళ్ళి ఎదురెండ అవుతుంది, ఫుజి బూడిదరంగు నీడలా మిగులుతుంది. కొలనుల లోతు కనబడాలంటే మాత్రం ఎండ నడినెత్తిన ఉండాలి. పొద్దున్నే ఏటవాలు వెలుగులో నీటి పైన ఆకాశం ప్రతిబింబమే తప్ప అడుగు కనపడదు. అందుకని ఉదయం 8, 9 మధ్య చేరి ముందు ఫుజి కనబడే చోట్లు చూసుకుని, పదకొండు, పన్నెండు మధ్య వాకు, ఒకామ దగ్గర ఉండేలా నడవండి. టూరు బస్సులు పదికల్లా దిగుతాయి, మూడు దాటాక పలచబడతాయి. షింజుకు నుంచి తొలి బస్సు పట్టుకున్నా తొమ్మిది లోపు చేరడం కష్టం. ఉదయపు ఫుజి కావాలనుకుంటే ముందు రాత్రి కవగుచికోలోనో, యమనకాకోలోనో, ఒషినోలోనే ఉన్న మిన్‌షుకు ఇళ్ళలోనో ఉండాలి. మిన్‌షుకు అంటే ఇంట్లోవాళ్ళే నడిపే చిన్న బస.

బయల్దేరే ముందు ఫుజి లైవ్ కెమెరాలు చూడండి. కవగుచికో, యమనకాకో వైపువి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటాయి. మబ్బు పట్టి ఉంటే ప్రయాణం మానుకోవాలా అంటే, ఫుజి కోసమే వెళ్తుంటే మానుకోండి. కొలనులకైతే మబ్బుతో పెద్ద నష్టం లేదు. తేలిక మబ్బున్న రోజు నీటి మీద మెరుపు తగ్గి కొన్నిసార్లు అడుగు ఇంకా బాగా కనిపిస్తుంది.

నడక

బస్సు స్టాపు నుంచి కొలనుల దాకా ఐదు నిమిషాలు. దెగుచి తప్ప ఏడూ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి. అక్కడక్కడా పటాలు పెట్టిన బోర్డులుంటాయి. ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి, సందుల్లో పనికొస్తుంది.

మొదట కగామి, షోబు వైపు వెళ్ళండి. జనం తక్కువ, పొద్దున గాలి ఉండదు. కగామి అంటే అద్దం. ఇందులో ఊట తక్కువ, నీళ్ళు అంత తేటగా ఉండవు, కానీ గాలి లేని పొద్దున ఫుజి తలకిందులుగా నిలుస్తుంది. గాలి కాస్త తగిలిందా, బొమ్మ చెదిరిపోతుంది. అందుకే దీన్ని చివర్న పెట్టుకోకూడదు. మంచిచెడులను తేల్చే కొలనని పాత నమ్మకం. షోబు పక్కన నీటి గట్టున పెరిగే షోబు మొక్కలుంటాయి. వాటి ఆకులు ఒంటికి చుట్టుకుంటే జబ్బు నయమవుతుందని ఓ కథ.

తర్వాత సోకోనుకె. చాలామంది తప్పిపోయేది ఇదే. ఇది హన్నోకి బయషి అనే చిన్న మ్యూజియం ఆవరణ లోపల ఉంది. టికెట్ సుమారు 300 యెన్లు. ఎనిమిదింటిలో డబ్బు కట్టాల్సిన కొలను ఇదొక్కటే. తొమ్మిదికి తెరుస్తారు కాబట్టి అంతకుముందు వచ్చినవాళ్ళు మూసి ఉందని వెళ్ళిపోతుంటారు. ఇచ్చిన డబ్బుకు కొలనుతో పాటు గడ్డి కప్పు పాత ఇల్లు, అందులో కవచాలు, పనిముట్లు, నిటారు మెట్లెక్కితే అటక మీది కిటికీలోంచి ఫుజి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అటక వదిలేయొచ్చు. ఈ కొలనులో పడిన వస్తువు అడుగులోంచి మాయమై ఒకామలో తేలుతుందని ఊరివాళ్ళ మాట.

ఇక్కడి నుంచి నకయికె పక్కగా వాకు చేరతారు. ఎనిమిదింటిలో ఊట ఎక్కువ ఇక్కడే, కొట్ల మధ్యలో ఉంటుంది. గట్టు అంచున నిలబడి సూటిగా కిందకి కాకుండా కాస్త అవతలి వైపుకు చూడండి. రాతి అంచు కింద నీలం ముదిరి నల్లబడేచోట నీటి అడుగు గుహ మొదలవుతుంది. అక్కడ ట్రౌట్ చేప ఒకటి ఈదుతుంటే దాని నీడ ఎక్కడో కింద, వేరే చోట కదులుతుంటుంది. ఎంత లోతో అప్పుడు తెలుస్తుంది. నీళ్ళు కంటిని మోసం చేస్తాయి. కాంతి వంగడం వల్ల లోతు నాలుగింట మూడొంతులే కనిపిస్తుంది. నకయికె 8 మీటర్లు మీకు 6 మీటర్లలా అనిపిస్తుంది. గట్టుకు చాలాచోట్ల రైలింగు ఉండదు, కాబట్టి పిల్లల చేయి వదలకండి.

వాకు పక్కనే నిగోరి. నిగోరి అంటే బురదనీళ్ళు. నీళ్ళడిగిన బైరాగిని ఇంటావిడ ఇవ్వనని పంపేస్తే నీళ్ళు మురికయ్యాయట. ఇప్పుడు చూస్తే అంత మురికేం కాదు. రెండు నిమిషాలు చాలు.

ఒకామ అన్నింటిలో చిన్నది, వైశాల్యం 24 చదరపు మీటర్లు. మన పెద్ద హాలంత కూడా ఉండదు. కానీ లోతు సుమారు 4 మీటర్లు, రంగు మాత్రం సిరా పోసినట్టు. చిన్నది కదా అని దాటిపోకండి. నడిమధ్యాహ్నం ఎండ నేరుగా పడినప్పుడు నీటిమొక్కలు ఒకే దిక్కుకు వాలి ఊగుతుంటాయి. నీళ్ళు కదలనట్టు కనిపించినా లోపల ప్రవాహం ఎంత ఉందో అవి చెబుతాయి.

చోషి దగ్గర ఓపిక కావాలి. పక్కవాళ్ళు వచ్చి ఏముందిక్కడ అని వెళ్ళిపోతుంటారు. మీరు ఒక రెండు నిమిషాలు అడుగునే చూస్తూ నిలబడండి. ఇసుకలో అక్కడక్కడా చిన్న పొంగు లేస్తుంది. గింజలు పైకి ఎగిరి, గుండ్రంగా తిరిగి, అంచున పడి, మళ్ళీ లేస్తాయి. ఊట పుట్టేది అక్కడే. మహానంది కోనేటి నీళ్ళ అడుగున నాణెం కూడా కనబడటం చూసినవాళ్ళకు ఆ తేటదనం పరిచయమే, కానీ ఇసుక ఇలా ఆడటం వేరు. ఈ కొలను కథ మాత్రం విచిత్రం. పెళ్ళి తంతులో పొరపాటున అపానవాయువు వదిలిన పెళ్ళికూతురు, సిగ్గుతో సాకె (బియ్యపు మద్యం) పోసే పాత్ర పట్టుకుని ఇందులో దూకిందట. ఇప్పుడు ఇది మంచి సంబంధాలు కుదిర్చే కొలనని పేరు.

చివర దెగుచి. ఊరి మధ్య నుంచి పది నిమిషాల నడక. ఎనిమిదింటిలో పెద్దది, దాదాపు 1,470 చదరపు మీటర్లు. అసలు పూర్వం ఇక్కడ ఓ పెద్ద సరస్సుండేదని, అది ఎండిపోయాక ఊటలు మాత్రం మిగిలాయని చెబుతారు. ఆ సరస్సు నీళ్ళు బయటకు పోయిన దారి ఇదే కాబట్టి ఆ పేరు. కొట్లు లేవు, మైకులు లేవు, చెట్లున్నాయి. యాత్రికులు కొండ ఎక్కేటప్పుడు ఇక్కడి నీళ్ళే వెంట తీసుకెళ్ళేవారు. టూరువాళ్ళు ఇంత దూరం రారు, అదే దీని గొప్ప.

చేయకూడనివి, ఎందుకో

గోదావరి బ్రిడ్జి మీద రైలు పోతుంటే చిల్లర విసిరే చేతులకు ఇక్కడ కాస్త పని చెప్పాలి. నాణేలు వేయవద్దని బోర్డులున్నాయి. అవి తుప్పు పట్టి నీటిలో లోహాలు కలుస్తాయి, అడుగున ఇసుకలో కూరుకుంటాయి, తీయాలంటే మనుషులు దిగాలి. దిగితే ఆ తేటదనమే పాడవుతుంది. ఒకరు వేస్తే చూసి పదిమంది వేస్తారు. కాబట్టి ఎవరో వేశారని మీరు వేయకండి.

కొలనుల్లో చేయి, కాలు, బాటిల్ ఏదీ ముంచకూడదు. చల్లదనం తెలియాలంటే నకయికె దగ్గర చేతులు పెట్టి చూసేందుకు విడిగా ఏర్పాటుంది. తాగడానికి అని రాసి ఉన్న ధార దగ్గరే తాగండి, బాటిల్ నింపుకోండి. డ్రోన్ ఎగరేయకూడదు. చేపలకు తిండి వేయకూడదు. సందుల్లో కనిపించే గడ్డి కప్పు ఇళ్ళలో కొన్నింట్లో మనుషులు కాపురం ఉంటున్నారు. తెరిచిన గేటు ఆహ్వానం కాదు. చెత్తకుండీలు వెతికినా దొరకవు, జేబులో ఓ కవరు పెట్టుకోండి. కొట్లో కొన్నదాని చెత్త ఆ కొట్లోనే ఇస్తే తీసుకుంటారు.

ఫొటోలు

కెమెరాకు పోలరైజర్ ఫిల్టరు ఉంటే వాకు, ఒకామ దగ్గర తగిలించి మెల్లగా తిప్పండి. ఓ చోట నీటి మీది మెరుపు ఒక్కసారిగా పోయి అడుగు బయటపడుతుంది. కగామి దగ్గర మాత్రం తీసేయండి, ప్రతిబింబాన్ని కూడా అది తుడిచేస్తుంది. ఫోనే ఉంటే నీటి మీదకి వంగి, ముదురు రంగు గొడుగో జాకెట్టో పైన అడ్డుపెట్టి తీయండి. ఆకాశం మెరుపు తగ్గుతుంది. ఫోనుకు మణికట్టు తాడు కట్టుకోండి. జారి పడితే మీరు దిగి తీసే ప్రశ్నే లేదు.

తిండి

శాకాహారులకు ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. సోబా నూడుల్స్‌కు ఈ ఊరు పేరున్నదే, పిండీ మంచిదే, కానీ ముంచుకునే పులుసులో దాదాపు ఎప్పుడూ ఎండు బొనిటో చేప సారం ఉంటుంది. కళ్ళకు కనపడదు. అడిగినా కొట్టువాళ్ళు చేప ముక్కలేం లేవు కదా అనే ఉద్దేశంతో లేదంటారు. మాంసం, చేపలు తినమని చెప్పాలంటే "నికు తో సకానా వా తాబెమాసెన్" అనండి, వెంటనే "దాషి మో దామె దెసు" అనండి. దాషి అంటే ఆ చేప సారం. టోఫు మీద ఎండు చేప రేకులు చల్లుతుంటే "కత్సుఓబుషి నాషి దె" అంటే చాలు. సోబా ముఖ్యంగా బక్‌వీట్ అనే గింజ పిండి, చాలాచోట్ల కొంత గోధుమ కూడా కలుపుతారు. బక్‌వీట్ అలర్జీ ఉన్నవాళ్ళకు ప్రమాదం.

నిశ్చింతగా తినగలిగింది కుసమొచి. యోమోగి ఆకు కలిపిన బియ్యపు ముద్దలో తీపి ఎర్రబొబ్బర్ల ముద్ద పెట్టి వేడి పెనం మీద కాలుస్తారు. యోమోగి మన మాచిపత్రి జాతి ఆకే, వినాయక చవితి పత్రిలో వాసన గుర్తుంటే ఇట్టే తెలిసిపోతుంది. కాల్చగానే తినాలి. చల్లారితే సాగి గట్టిపడుతుంది. బియ్యపు ముద్ద గొంతుకు అడ్డం పడే రకం కాబట్టి పెద్దవాళ్ళకు, పిల్లలకు చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. కాల్చిన చిలగడదుంప, మొక్కజొన్న కూడా దొరుకుతాయి. మాంసాహారులకైతే పుల్లకు గుచ్చి ఉప్పు పట్టించి నిప్పుల చుట్టూ నిలబెట్టి కాల్చే ఇవానా చేప ఉంది.

పక్క పట్నం ఫుజియొషిదాలో యొషిదా ఉదోన్ బాగా పేరున్నది. గట్టిగా నమిలే నూడుల్స్. దానిపైన క్యాబేజీతో పాటు తరచుగా గుర్రపు మాంసం వేస్తారు. తెలియక తిని తర్వాత బాధపడేకంటే ముందే "నికు నాషి" అనండి, పులుసు సంగతి వేరే. ఆ కొట్లు చాలావరకు మధ్యాహ్నం పూటే తెరిచి ఉంటాయి.

చిన్న కొట్లలో కార్డు నడవకపోవచ్చు. మనిషికి రెండు మూడు వేల యెన్లు, వెయ్యి నోట్లు, వంద నాణేలుగా ఉంచుకోండి.

ఇంకేం కలపొచ్చు, తిరుగు ప్రయాణం

ఒకే రోజులో ఒషినోతో పాటు ఇంకొక్కటే పెట్టుకోండి. పొద్దున్నే షిమొయొషిదా స్టేషన్ దగ్గర దిగి 398 మెట్లెక్కి చురేయితో పగోడా చూసుకుని, మధ్యాహ్నానికి ఒషినో రావడం కుదురుతుంది. అలా వస్తే కగామిలో ప్రతిబింబం వదులుకోవాలి, వాకు, ఒకామ లోతు మాత్రం అందుతుంది. లేదంటే ఒషినో ముందు చూసుకుని, బస్సులో కొద్ది నిమిషాల దూరంలో ఉన్న యమనకాకో సరస్సు. పిల్లలుంటే ఊళ్ళోనే మంచినీటి చేపల అక్వేరియం ఉంది. వాన పడితే అదే దిక్కు.

దిగగానే చేయాల్సిన మొదటి పని, స్టాపులో తిరుగు బస్సుల టైమ్‌టేబుల్ ఫొటో తీసుకోవడం. లోకల్ బస్సులు గంటకు ఒకటో రెండో, సాయంత్రం అయ్యేసరికి అవీ ఉండవు. ట్యాక్సీ రోడ్డు మీద దొరకదు, ఫోన్ చేసి పిలిపించుకోవాలి, అదీ ఖాళీ ఉంటేనే. ఆదివారం సాయంత్రం టోక్యో వైపు హైవే బస్సెక్కితే చువో ఎక్స్‌ప్రెస్‌వేలో కొబొతొకె సొరంగం ముందు ట్రాఫిక్ తప్పదు, గంట పైన ఆలస్యం మామూలే. ఆ రాత్రే విమానం ఉన్నవాళ్ళు రైల్లో వెళ్ళండి, ఒత్సుకిలో జేఆర్ లైనుకు మారండి.